చార్ట్ పక్కన పెట్టండి, 206 ఎముకలూ మీ ఒంటి మీదే నేర్చుకోండి

ఇంటర్ సెకండియర్ జువాలజీలో ఎముకల చాప్టర్ రాగానే పిల్లలు భుజాస్థి, రత్ని, అరత్ని, అంతర్జంఘిక, బహిర్జంఘిక అని మంత్రం చదివినట్టు చదివేస్తారు, పరీక్ష అయిన వారానికి "రత్ని ఎక్కడుంది నాన్నా, చూపించు" అంటే ముంజేతిలో ఉన్నదానికి మోకాలి వైపు చూస్తారు. పిల్లల తప్పు కాదు ఇది, గోడకి వేలాడే బొమ్మ చూసి నేర్చుకున్నది గోడ మీదే ఉండిపోతుంది. నేను ట్యూషన్లో ఈ చాప్టర్ మొదలుపెట్టిన రెండు రోజులు పుస్తకం అసలు తెరవనివ్వను. ఆ రెండు రోజులు ఏం చేయిస్తానో అదే ఇక్కడ రాస్తున్నా, మీరు ఇంట్లో పిల్లలతో చెయ్యొచ్చు, మీకోసం మీరూ చేసుకోవచ్చు.

కావాల్సినవి ఏమీ పెద్దవి కావు. ఒక చికెన్ లెగ్ పీస్ తిన్నాక మిగిలిన ఎముక, ఒక వెనిగర్ సీసా, మటన్ షాపు నుంచి ఒక నల్లి బొక్క, స్కెచ్ పెన్, లెక్క రాసుకోడానికి ఒక కాయితం. ఇంట్లోకి మాంసం రానివ్వని వాళ్ళు ఎముకలతో చేసే రెండు పనులూ వదిలేసినా పర్లేదు, అసలు పని మీ ఒంటి మీదే ఉంది.

ముందు వెనిగర్ పని చేసెయ్యండి, దానికి టైం పడుతుంది కాబట్టి. చికెన్ ఎముకకి అంటుకున్న మాంసం అంతా గీకేసి కడిగి, మూత ఉన్న గాజు సీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోసి పక్కన పెట్టండి. కాసేపటికి ఎముక చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి, ఎముకలోని కార్బొనేట్ యాసిడ్‌కి కరిగి గ్యాస్‌గా బయటికి వస్తోందన్నమాట. రోజూ వెనిగర్ మారుస్తూ నాలుగైదు రోజులు వదిలెయ్యండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఇప్పుడు నల్లి బొక్క. షాపతన్ని అడిగి తొడ ఎముక తీసుకుని ఒకచోట అడ్డంగా, గుండులాగా ఉన్న చివర నిలువుగా కొట్టించుకోండి. ఇంటికొచ్చి వెలుతురులో పెట్టి చూడండి, తొందరేం లేదు, బయట నుంచి లోపలికి ఒక్కో పొరా చూద్దాం. పైన గోటితో గీకితే పల్చటి తోలులాంటి పొర లేస్తుంది, దాన్ని పెరియాస్టియం అంటారు, ఎముకకి రక్తం తెచ్చే నాళాలు, నొప్పి తెలిపే నరాలు దీన్నిండా ఉంటాయి. బెంచీ కొట్టుకుంటే ముంగాలికి ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది చూడండి, అది ఈ పొర నొప్పే. దాని కింద తెల్లగా దళసరిగా పైపు గోడలాగా ఉన్నది గట్టి ఎముక. చివర గుండు దగ్గర నిలువుగా కోసిన చోట చూస్తే గోడ పల్చబడిపోయి లోపలంతా ఇడ్లీ విరిస్తే కనిపించే గుల్లలాగా ఉంటుంది, దాన్ని స్పాంజి ఎముక అంటారు, ఆ గుల్లలో సన్నటి గీతలు ఎటు పడితే అటు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, బరువు ఏ దారిలో కిందికి దిగుతుందో ఆ దారి వెంటే ఎక్కువగా ఉంటాయి. గుండు పైన నీలం కలిసిన తెలుపులో నున్నగా జారిపోయే పూత ఉంటే అదే మృదులాస్థి, కీలులో ఎముకా ఎముకా రాసుకోకుండా కాపాడేది అదే.

ఇక మధ్యలో బోలు, దాన్నిండా మూలుగ. మనం సుర్రున పీల్చే ఆ మూలుగలో ఎక్కువ భాగం కొవ్వు, అందుకే అంత రుచి. పుట్టినప్పుడు మన ఎముకలన్నిట్లో ఎర్ర మూలుగే ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ పొడుగు ఎముకల మధ్యభాగంలో అది పసుపు మూలుగగా మారిపోతుంది. పెద్దవాళ్ళలో ఎర్ర మూలుగ మిగిలేది తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, పుర్రె, తొడ ఎముక పై చివర, ఇలాంటి చోట్లే. సెకనుకి దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాలు అక్కడ తయారవుతుంటాయి. డాక్టర్లు మూలుగ టెస్ట్ చెయ్యాలంటే కాలి ఎముకలో కాకుండా నడుము వెనక తుంటి ఎముకలో సూది గుచ్చేది అందుకే.

పైపులాగా బోలుగా ఎందుకుంది, నిండుగా ఉంటే ఇంకా గట్టిగా ఉండేది కదా అని ప్రతి బ్యాచ్‌లో ఒకళ్ళు అడుగుతారు. వెదురు బొంగు చూపిస్తాను. అంతే బరువున్న సరుకుని సన్నటి నిండు కడ్డీగా చేస్తే తేలిగ్గా వంగుతుంది, లావుపాటి గొట్టంగా చేస్తే వంగదు. పైగా లోపలంతా నిండిపోయి ఉంటే ఆ బరువు మొయ్యలేక పరిగెత్తలేం, మూలుగకి చోటూ ఉండదు.

సరే, ఎముక దేంతో తయారైంది? పాత ఇళ్ళల్లో మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవాళ్ళు గుర్తుందా, మట్టి ఒక్కటే అయితే ఎండి పగుళ్ళిస్తుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. ఎముకలో గడ్డి స్థానంలో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు, మట్టి స్థానంలో కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం, దాని పేరు హైడ్రాక్సీఅపటైట్. బరువులో సుమారు మూడింట రెండొంతులు ఖనిజమే. వెనిగర్ సీసాలో ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే ఆ మట్టి కరిగిపోయి గడ్డి మిగలడం.

ఇక స్కెచ్ పెన్ తీసుకోండి. పై నుంచి కిందికి వస్తాం, ప్రతిచోటా నొక్కి చూసి గుర్తు పెట్టి లెక్క కాయితం మీద వేసుకుంటూ రావాలి.

తలకాయలో 22. మెదడు చుట్టూ 8, మొహంలో 14. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే వేలి కింద కదులుతుంది చూడండి, అది కింది దవడ, పుర్రెలో కదిలేది అదొక్కటే, మిగతావన్నీ కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. ఇంట్లో పసిపాప ఉంటే మాడు మెల్లిగా తాకి చూడండి, అమ్మమ్మలు ఆముదం పెట్టే చోటు, ఎముకలు ఇంకా కలవని ఖాళీ అది, ముందు వైపుది మామూలుగా ఏడాదిన్నరకల్లా మూసుకుపోతుంది. ప్రసవంలో తల కాస్త నొక్కుకుని బయటికి రావడానికీ, తర్వాత మెదడు పెరగడానికీ ఆ ఖాళీ కావాలి. చెవి లోపల ఒక్కో వైపు మూడు బుల్లి ఎముకలు, మొత్తం 6, అందులో స్టేపిస్ అనేది 3 మిల్లీమీటర్లే, ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక, అది కదలకపోతే మాట వినిపించదు. గడ్డం కింద గొంతు పైభాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని గుటక వెయ్యండి, పైకి లేచి దిగేవాటిలో గుర్రపు నాడాలాంటిది ఒకటుంది, హయాయిడ్, ఇంకే ఎముకతోనూ కలవకుండా కండరాల మీద వేలాడే ఎముక అదొక్కటే. 22, 6, 1 కలిపి 29 రాసుకోండి.

తల వంచి మెడ వెనక తడిమితే అన్నిటికంటే ఎత్తుగా తగిలేది ఏడో మెడపూస. అక్కణ్ణుంచి కిందికి వీపులో 12, నడుములో 5, దాని కింద ఐదు కలిసి ఒకటైన త్రికం, చివర తోకలాగా అనుత్రికం, మెడలో 7 కలుపుకుంటే 26. ఈ పూసల మధ్య రంధ్రాల వరసలోంచే వెన్నుపాము కిందికి దిగుతుంది, కాపాడటం అనే పని ఎముక ఎంత బాగా చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు గొంతు కింద గుంటలో వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా కిందికి జారండి, రెండంగుళాలు రాగానే అడ్డంగా ఒక చిన్న గట్టులాంటిది తగులుతుంది. దానికి పక్కనున్నది రెండో పక్కటెముక. డాక్టర్లు స్టెతస్కోప్ ఎక్కడ పెట్టాలో లెక్కపెట్టుకునేది ఇక్కణ్ణుంచే, మొదటిది కాలర్ బోన్ చాటున ఉండి చేతికి సరిగ్గా దొరకదు. పక్కటెముకలు 12 జతలు, చివరి రెండు జతలు ముందుకి రాకుండా గాల్లో వదిలేసినట్టు ఉంటాయి. 24, రొమ్ము ఎముక 1, మొత్తం 25. రెండు చేతులూ డొక్కల మీద పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చండి, బకెట్ హ్యాండిల్ పైకి లేచినట్టు పక్కలకి లేస్తాయి. గుండె, ఊపిరితిత్తుల చుట్టూ పెట్టిన పంజరం ఇది, కానీ బిగిసిపోయిన పంజరం కాదు. ఇక్కడికి 80 అయ్యాయి, నడిమధ్యన ఉండే అక్షాస్థిపంజరం అంటే ఈ 80.

చేతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి, నాకిష్టమైన భాగం. కాలర్ బోన్ చివరిదాకా తడుముకుంటూ భుజం దాకా వెళ్ళండి, చేతిని మొండేనికి ఎముకతో కలిపేది ఆ సన్నటి పుల్ల ఒక్కటే. బైక్ మీంచి భుజం మీద పడ్డవాళ్ళకి ముందు విరిగేది ఇదే. వెనక రెక్క ఎముక కండరాల మీద జారుతూ ఉంటుంది, అందుకే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, అంత స్వేచ్ఛ ఉంది కాబట్టే గూడ తేలిగ్గా జారుతుంది కూడా. భుజం నుంచి మోచేతి దాకా ఉన్న ఒక్క ఎముకే భుజాస్థి. మోచేతి మొన అరత్నిది, మొన నుంచి చర్మం కిందే గీత గీసినట్టు చిటికెన వేలు వైపు మణికట్టు దాకా తడమొచ్చు, స్కెచ్ పెన్‌తో గీసెయ్యండి. బొటనవేలు వైపున్నది రత్ని. ఇప్పుడు కుడిచెయ్యి ముందుకి చాపి అరచెయ్యి పైకి పెట్టి, ఎడమచేత్తో ముంజేతిని చుట్టి పట్టుకుని, తాళం తిప్పినట్టు కుడి అరచేతిని కిందికి తిప్పండి. ఒక ఎముక ఉన్నచోటే ఉంటుంది, రెండోది దాని మీంచి దాటి అటువైపు వెళ్తుంది, దాటేది రత్ని. ఇది ఒక్కసారి చేత్తో తెలిసిన పిల్లాడు జీవితంలో ఆ రెండు పేర్లు తారుమారు చెయ్యడు, నేను గ్యారంటీ ఇస్తా.

మణికట్టులో గులకరాళ్ళలాంటివి 8, అరచేతిలో 5, వేళ్ళల్లో 14, బొటనవేలికి రెండే, మిగతావాటికి మూడేసి. పిడికిలి బిగిస్తే పైకి వచ్చే కణుపులు వేలి ఎముకలవి కాదు, అరచేతి ఎముకల చివర్లు. బొటనవేలు వెనక్కి చాపితే మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది, దాని అడుగున స్కాఫాయిడ్ అనే మణికట్టు ఎముక ఉంటుంది. చెయ్యి నేలకి ఆన్చి పడ్డాక ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే ఎక్స్‌రే చూపించుకోవాల్సిందే, మొదటి ఎక్స్‌రేలో చీలిక కనిపించకపోవచ్చు కూడా, నొప్పి తగ్గకపోతే పది రోజులకి మళ్ళీ తీయించుకోండి, ఆ ఎముకకి రక్తం అందేది తక్కువ, వదిలేస్తే అతుక్కోదు. చేతికి 30, రెంటికీ 60, భుజాల దగ్గరవి 4.

నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే చేతులు ఆనేది తుంటి ఎముక అంచు మీద. గట్టి బెంచీ మీద కూర్చుని పిర్రల కింద చేతులు పెడితే గుచ్చుకునేదీ అదే ఎముకలో కిందిభాగం. చిన్నప్పుడు మూడుగా ఉండి యవ్వనంలో ఒకటవుతుంది, అటొకటి ఇటొకటి 2. పుట్టిన పాపకి 270 నుంచి 300 దాకా ఎముక ముక్కలుంటాయని చెప్పేది ఇలాంటివన్నీ విడివిడిగా ఉంటాయనే.

తొడ పైభాగంలో పక్కన అరచెయ్యి ఆన్చి పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి, అరచేతి కింద గుండ్రంగా ఒకటి తిరుగుతుంది. అది తొడ ఎముక భుజం అనుకోండి, దాని లోపలి వైపు మెడలాగా సన్నబడి, ఆ చివర గుండు తుంటి గుంటలో కూర్చుంటుంది. "తుంటి ఎముక విరిగింది" అని మన ఇళ్ళల్లో అనేది చాలాసార్లు ఈ మెడ విరగడమే. మా నానమ్మ స్నానాల గదిలో తడి బండ మీద జారింది, బెణికిందేమో అని ఇంట్లో నూనె రాసి కాపడం పెట్టి లేపి నడిపించబోయారు, రెండు రోజులు గడిచిపోయాయి. పడుకోబెట్టినప్పుడు ఆ కాలు రెండోదానికంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది, నేను చూశాను, కానీ దానర్థం అప్పుడు నాకు తెలీదు. ఎక్స్‌రే ఫిల్మ్ మీద డాక్టర్ పెన్నుతో మెడ దగ్గర గీత చూపించినప్పుడు అర్థమైంది. పెద్దవాళ్ళు పడ్డాక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే నిలబెట్టకండి, రుద్దకండి, అలాగే పడుకోబెట్టి తీసుకెళ్ళండి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు నాకు.

మిగతా కాలు తొందరగా అయిపోతుంది. కాలు చాపి వదులుగా పెడితే మోకాటి చిప్ప అటూ ఇటూ కదుల్తుంది, చర్మం కింద ముంగాలు పొడుగునా తగిలేది అంతర్జంఘిక, చీలమండ దగ్గర లోపలి గుబ్బ దానిదే, బయటి గుబ్బ బహిర్జంఘికది. పాదంలో వెనకవి 7, అందులో మడమ పెద్దది, మధ్యన 5, వేళ్ళల్లో 14. తడి పాదం గచ్చు మీద పెట్టి తీస్తే లోపలి వైపు అచ్చు పడదు కదా, ఆ కమానే నడిచేటప్పుడు దెబ్బని మింగేది. కాలికి 30, రెంటికి 60. కూడండి ఇప్పుడు, 80, 4, 60, 2, 60, మొత్తం 206. ఇందులో చేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నవే 106, సగానికి పైగా.

పని ఏంటో కూడా వస్తూ వస్తూనే చూశాం, నిలబెట్టడం, కాపాడటం, కదిలించడం, వినిపించడం, రక్తం తయారు చెయ్యడం. ఇంకొకటి మిగిలింది, అది చేతికి తగలదు. ఒంట్లో కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళల్లోనూ ఉంటుంది, మిగతా ఆ కాస్తా రక్తంలోనూ కణాల్లోనూ సరిగ్గా ఉండకపోతే గుండె సరిగా కొట్టుకోదు, కండరం ముడుచుకోదు. తిండిలో రాకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ పంపి ఎముకలోంచి తియ్యిస్తాయి. అంటే ఎముక గోడ కూడా, గాదె కూడా. లోపల కూల్చే కణాలు ఆస్టియోక్లాస్టులు, కట్టే కణాలు ఆస్టియోబ్లాస్టులు, గోడలోనే ఉండిపోయి ఎక్కడ బరువు పడుతోందో కనిపెట్టే మేస్త్రిల్లాంటివి ఆస్టియోసైట్లు. ఏటా పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. బరువు పడినచోట కట్టడం ఎక్కువ, పడనిచోట కూల్చడం ఎక్కువ, అంతరిక్షంలో ఉన్నవాళ్ళకి నెలకి సుమారు ఒక శాతం ఎముక తగ్గిపోయేది అందుకే, నెలల తరబడి మంచంపట్టిన వాళ్ళకీ అంతే. సుమారు 30 ఏళ్ళదాకా కూడబెట్టుకోవడం, తర్వాత ఉన్నది కాపాడుకోవడం, ఆడవాళ్ళకి నెలసరి ఆగాక తరుగుదల ఇంకా వేగం. కాబట్టి అమ్మకి కూడా ఒక గ్లాసు పాలు పొయ్యండి, పిల్లలకి మాత్రమే కాదు. రోజుకి పెద్దవాళ్ళకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, 100 గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, రాగి సంకటి తినే ఇళ్ళు అదృష్టవంతులు. విటమిన్ డి లేకపోతే ఆ కాల్షియం పేగు సరిగ్గా పీల్చుకోదు, ఎండ నేరుగా ఒంటికి తగలాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో విటమిన్ డి తయారవ్వదు.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు, అక్కడ బోరు నీళ్ళు తాగిన పాత తరంలో నడుం నిటారుగా నిలవని మనుషుల్ని నేను చిన్నప్పుడు చాలామందిని చూశాను. నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటి ఏళ్ళ తరబడి తాగితే, ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది, ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది గానీ బలం పెరగదు, ఎముకనీ ఎముకనీ కట్టి ఉంచే లిగమెంట్లు కూడా గట్టిపడి వెన్ను బిగిసిపోతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బుని మొదట రిపోర్ట్ చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఎముక మనం తినేదీ తాగేదీ తనలో కలుపుకుంటూ బతుకుతోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు, బోరు నీళ్ళు తాగే ఊళ్ళో ఉంటే టెస్ట్ చేయించండి.

ఐదో రోజు సీసా తెరవండి. ఎముకని కడిగి రెండు చివరలా పట్టుకుని మెల్లిగా వంచండి, టక్కున విరగాల్సింది రబ్బరులా వంగుతుంది, ఇంకా గట్టిగా ఉంటే వెనిగర్ మార్చి రెండు రోజులు ఉంచండి, సన్నటి ఎముక అయితే ముడి కూడా పడుతుంది. ఆకారం ఏం మారలేదు చూడండి, అంతా కొలాజెన్ పోగులే మిగిలాయి. చిన్నపిల్లల ఎముకలో ఈ పోగుల పాలు ఎక్కువ, అందుకే పడితే పచ్చి కొమ్మలాగా ఒకవైపు చీలి రెండోవైపు వంగి ఊరుకుంటుంది, ముసలివాళ్ళది ఎండుపుల్లలా విరుగుతుంది. పిల్లలందరి చేతికీ ఒకసారి ఇవ్వండి, అందరూ వంచి చూశాక చేతులు సబ్బుతో కడిగించండి, ఆ సీసా మాత్రం మళ్ళీ వంటింట్లో వాడకండి.